పరిగె చీర

మొన్న దసరా సెలవుల్లో మా కోడలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోనులో ఏదో వీడియో చూస్తూ, అత్తయ్యా ఇలా రండి, ఇది మీరు చూడాల్సిందే అని పిలిచింది. ఏమిటా అని కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి చూస్తే, చక్కగా తయారైన ఒక అమ్మాయి, తక్కువ ఖర్చుతో ఇంట్లోనే కుటుంబమంతా కలిసి క్రిస్మస్ ఎలా చేసుకోవాలో, అందుకు రెండు నెలల ముందు నుంచే ఎలా సిద్ధం కావాలో వేళ్ళు మడిచి మరీ చెబుతోంది. రంగు కాగితాలు పారేయకండి, బట్టలు ముందుగా కుట్టించుకోండి, పిండివంటల సరుకు చవగ్గా ఉన్నప్పుడే కొనిపెట్టుకోండి అంటోంది. నాకు నవ్వాగలేదు. రెండు నెలలట! మా అమ్మ గనక వింటే ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, పిచ్చితల్లీ, అక్టోబరులో మొదలెడితే అది ముందెలా అవుద్దమ్మా అని బుగ్గ గిల్లి ఉండేది. మా ఇంట్లో క్రిస్మస్ ఏప్రిల్ ఎండల్లో మొదలయ్యేది మరి. అలా నవ్వుతూనే చూస్తున్నాను గానీ, ఆ అమ్మాయి చివర్లో, పిలవాల్సిన వాళ్ళని ముందే పిలవండి, ఆఖరి రోజు దాకా ఉంచకండి అన్నప్పుడు మాత్రం నా నవ్వు ఆగిపోయింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను.

నా ఈడు వాళ్ళకైతే ఎక్కువ చెప్పనక్కర్లేదు. మార్టూరు నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు మీద, ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, నడుమ అక్కడక్కడా పొగాకు కాల్చే బేరన్లు ఉండే నల్లరేగడి ఊరు మాది. ఆ చేలల్లో మాది అని చెప్పుకోవడానికి ఒక్క సాలు కూడా లేదు. అమ్మ కోతలకీ కలుపులకీ కూలికి పోయేది, నాన్న తాపీ మేస్త్రి. ఊరి చివర మా పేట, పేట మధ్యలో మా గుడి. చర్చిని మేం గుడి అనే అంటాం, పాస్టరు గారిని అయ్యగారూ అంటాం, మావైపు అందరికీ ఇది తెలిసిందే. ఇంట్లో అమ్మా నాన్నా నేనూ మా తమ్ముడూ. గుంటూరులో మా మేనత్త ఉండేది, నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. అమ్మ కాపురానికి వచ్చేనాటికి మేనత్త ఇంకా జడలు వేయించుకునే పిల్లట. తల్లి లేని ఆ పిల్లకి తలంటి, జడ వేసి, బడికి పంపి, పెళ్ళీడుకి తెచ్చి గవర్నమెంటు ఉద్యోగం ఉన్న మావయ్యకి ఇచ్చి చేసేదాకా అమ్మే తల్లయింది. మేనత్త అమ్మని వదినా అని పిలిచేది గానీ, ఆ పిలుపులో ఉన్నది వేరే చుట్టరికం.

పరిగె అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మిరపచేలో రైతు ఆఖరి కోత కోయించుకుని చేను వదిలేశాక, మొక్కల అడుగు కొమ్మల్లో దాగిపోయిన కాయలూ, సాళ్ళల్లో రాలిపోయిన కాయలూ ఉంటాయి. పత్తిచేలోనూ అంతే, ఎండిన డొక్కల్లో ఇంకా పింజలు అంటుకుని ఉంటాయి. దున్నించే లోపు ఎవరైనా వెళ్ళి ఏరుకోవచ్చు, రైతు కాదనడు. అదే పరిగె. మా పేట ఆడవాళ్ళందరూ పరిగెకి పోయేవాళ్ళే, కాకపోతే అమ్మ లెక్క వేరు. కూలి డబ్బులు కడుపుకి, పరిగె డబ్బులు పండక్కి అనేది. మధ్యలో ఎంత ఇబ్బంది వచ్చినా, ఇంట్లో ఉప్పు నిండుకున్నా సరే, పరిగె డబ్బుల జోలికి పోయేది కాదు. పండగపూట చేయి చాచకూడదు, చేతిలో ఉన్నదానితోనే నవ్వుతూ చేసుకోవాలి, అందుకు ఎండలోనే నడుం వంచాలి అనేది అమ్మ. ఏప్రిల్లో నెత్తిన తడిగుడ్డ వేసుకుని, మమ్మల్నీ వెంటబెట్టుకుని చేలోకి దిగి, గుళ్ళో పాడే పాటలే పొడుగ్గా రాగం తీస్తూ ఏరేది. అరిచేతులు మండిపోతుంటే మేం ఏడుపు ముఖాలు పెట్టేవాళ్ళం. అదుగో, నీ గౌనుకి చేతులొచ్చాయి, ఇంకో సాలు ఏరితే కుచ్చిళ్ళొస్తాయి అని అమ్మ నవ్వించేది. ఆ నవ్వులో పడి ఏరేవాళ్ళం. ఇంటికొచ్చాక ఎర్ర కాయలు వేరుగా, తెల్లబారిన తాలు కాయలు వేరుగా పోసేవాళ్ళం. ఎర్రవి సైకిలు మీద వచ్చే బేరగాడికి పోయేవి, తాలు మాకు మిగిలేది. ఏడాది పొడుగునా మేం తిన్నది తాలు కారమే, కూరకి రంగుండదు, ఘాటు మాత్రం చెవుల్లోంచి పొగలు తెప్పించేది.

అక్కణ్ణించి పండగ మెల్లమెల్లగా ఇంట్లోకి నడిచి వచ్చేది. అన్నానికి బియ్యం కడిగే ముందు అమ్మ రోజూ ఒక పిడికెడు తీసి గుడికి ఇచ్చే డబ్బాలో వేసేది, ఇంకో పిడికెడు అటక మీది కుండలో వేసేది. మొదటిది దేవుడిది, రెండోది అరిసెలది. శ్రావణంలో కోడిని పొదిగేస్తే క్రిస్మస్ నాటికి పుంజులు చేతికొస్తాయి. వాటికి పేర్లు పెట్టొద్దని మాకు గట్టి ఆర్డరు, ఎందుకంటే ఒకసారి మా తమ్ముడు ఒకదానికి పేరు పెట్టి, పండగనాడు కూర ముట్టకుండా దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. బట్టల సంగతి ఇంకా విడ్డూరం. చీరాలలో ఒక నేతగాడి ఇంటికే వెళ్ళి, ఏదో చిన్న లోపం ఉందని పక్కన పడేసిన తాను చవగ్గా తెచ్చేది. దాంతోనే నాకు లంగా, తమ్ముడికీ నాన్నకీ చొక్కాలు, అమ్మకి రవిక, మిగిలితే నాన్నకి తువ్వాలు, ఇంకా మిగిలితే దిండుకి గలీబు. పండగనాడు మేం నలుగురం గుళ్ళోకి వెళుతుంటే, ఒకే గుడ్డ నడిచొస్తోంది అని పేటంతా నవ్వేది, అమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. ఆ బట్టలు కుట్టించడం కూడా వినాయకచవితికే. డిసెంబరులో దర్జీ చుట్టూ తిరగడం అంటే ఏమిటో మీకు తెలియంది కాదు.

నాన్న పని నక్షత్రం. గోడలు కట్టే చోట మిగిలిన వెదురు ముక్కలు చీల్చి, దబ్బలు నున్నగా గీకి ఐదు మొనలు కట్టేవాడు. దాచిన రంగు కాగితాలు మైదా జిగురుతో మేం అంటించేవాళ్ళం. ఇక వెల్ల వేయడం. డిసెంబరు వచ్చిందంటే ఊళ్ళో ప్రతి ఇంటికీ నాన్నే కావాలి, మా గోడలకి మాత్రం ఆఖరి రోజు దాకా మోక్షం ఉండేది కాదు. అందుకని అమ్మ దసరాకే పట్టుబట్టి వేయించేసేది. నాన్నది ప్రతిదానికీ ఒకటే మాట, చూద్దాంలే. వెల్ల వేయవయ్యా అంటే చూద్దాంలే, పాకకి తాటాకు మార్చవయ్యా అంటే చూద్దాంలే. ఆ చూద్దాంలేని లాగి లాగి పని చేయించడంలో అమ్మ ఆరితేరిపోయింది. ఒక్క విషయంలో తప్ప.

ఆ ఒక్క విషయం చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

పండక్కి ఆడపడుచుని పిలిచి గుడ్డ పెట్టడం అందరిళ్ళల్లోనూ ఉన్నదే. మా మేనత్తకి ఏటా ఒక రవిక గుడ్డ పెట్టేవాళ్ళు, అంతకుమించి శక్తి లేదు. ఒక ఏడాది మబ్బు పట్టి వాన భయంతో రైతులు ఆఖరి కోత గబగబా ముగించేశారు, చేలల్లో కాయ బాగా మిగిలిపోయింది. అమ్మ ఆ ఏప్రిల్ అంతా పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా వంగిన నడుము ఎత్తలేదు. ఈసారి అమ్మాయికి చీర పెడుతున్నాం అని ముందే చెప్పేసింది. చీరాల వెళ్ళి, లోపం ఉన్న తాను కాదు, మగ్గం మీద నుంచి దించిన మేలైన చీర, పండుమిరప రంగుకి పసుపు అంచు ఉన్నది తెచ్చింది. తెచ్చిన రోజున మేం చేతులు కడుక్కుని వస్తే గానీ ముట్టుకోనివ్వలేదు. తన ఒంటి మీద చీర ఎన్నిచోట్ల కుట్టు వేసి ఉందో ఆమెకి ఆ క్షణాన గుర్తుందో లేదో.

ఆ క్రిస్మస్‌కి మేనత్త ఒక్కతే రాలేదు, అత్తగారినీ ఆడపడుచునీ కూడా తీసుకొచ్చింది. పుట్టిల్లు చూపించుకోవాలని ఆమెకి ఎంత సరదా! మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ పళ్ళెంలో అరటిపళ్ళూ అరిసెలూ పెట్టి, పైన చీర పెట్టి తెచ్చింది. అంతవరకూ అంతా బాగానే ఉంది. నాన్న ఊరుకోలేకపోయాడు. ఆయనకి అమ్మ కష్టం పదిమందిలో చెప్పాలని ఉంది. ఛాతీ విరుచుకుని, ఇది ఆషామాషీ చీర కాదమ్మాయ్, మీ వదిన ఎండలో పడి పరిగె ఏరి కొన్న చీర అన్నాడు.

నాన్న మనసులో పరిగె అంటే ఏమిటో నాకు తెలుసు. కోతపండగనాడు గుళ్ళో అయ్యగారు ఏటా బైబిల్లోంచి ఒక కథ చెప్పేవారు. మొగుడు పోయినా అత్తని వదలకుండా, పరాయి ఊరు వచ్చి, పొలంలో పరిగె ఏరి ఆ ముసలామెకి అన్నం పెట్టిన కోడలి కథ. నాన్నకి ఆ కథంటే ప్రాణం. అందులోని కోడలు ఆయన కంటికి మా అమ్మలాగే కనపడేది. కాబట్టి పరిగె అంటే ఆయన లెక్కలో మహా గొప్ప మాట. కానీ మాట నోట్లోంచి బయటికొచ్చాక వినేవాళ్ళ సొత్తయిపోతుంది కదా. మేనత్త అత్తగారు పళ్ళెం వంక చూసి, పక్కనున్న కూతురితో అందరికీ వినపడేలా నవ్వుతూ అంది.

"విన్నావంటే? మీ వదినకి పుట్టింటోళ్ళు పరిగె పెట్టారంట!"

పరిగె అంటే ఆమెకి ఊరందరూ కోసుకుపోగా మిగిలింది, ఎవరికీ అక్కర్లేక వదిలేసింది. మేనత్త ముఖంలో రక్తం చుక్క లేదు. అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది, నాన్నకి అసలు ఏం జరిగిందో అర్థం కాలేదు, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు పాపం. ఆ నవ్వు చూసి మేనత్తకి ఇంకా ఒళ్ళు మండింది.

"పరిగె ఏరుకోడానికి రాలేదు అన్నయ్యా నేను ఈ ఇంటికి" అని, చీర నులకమంచం మీద పెట్టేసి, చెప్పులు వేసుకుని బస్సు రోడ్డుకి నడిచింది. అమ్మ వెనకాలే వీధి చివరిదాకా పరిగెత్తింది. తిరిగొచ్చి ఆ మంచం మీది చీర తీసి, మడిచి ట్రంకుపెట్టెలో పెట్టింది.

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నాన్న మీద కోపమే. ఒక్కమాట, ఒక్క బస్సు టిక్కెట్టు, అంతే కావలసింది. గుంటూరు వెళ్ళి గుమ్మంలో నిలబడి, అమ్మాయ్ నా మాట అదికాదు, పండక్కి రా అంటే అయిపోయేది. నాన్న వెళ్ళలేదు. నేను పొగిడాను, అది తిట్టనుకుంటే నాదా తప్పు అన్నాడు. తన పుట్టింటికి తను రావడానికి పిలుపేంటి అన్నాడు. ఎండాకాలంలో అమ్మే కారం, పచ్చళ్ళు మూటగట్టుకుని వెళ్ళింది. మేనత్త అమ్మని వాటేసుకుని ఏడ్చింది, కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించింది, కానీ వచ్చేముందు చెప్పాల్సింది చెప్పింది.

"నాకు నువ్వొస్తే చాలు వదినా. మా అత్తగారి ముందు మాత్రం మా అన్నయ్యే రావాలి. గుమ్మంలో నిలబడి రమ్మని పిలవాలి."

ఆడపడుచుని పిలవాల్సింది అన్నదమ్ములు, వదినలు ఎంత పిలిచినా అది పిలుపు కిందకి రాదు, మన పద్ధతే అంత. అమ్మ ఇంటికొచ్చి నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పింది. నాన్న బీడీ ముట్టించుకుని, ఈ ఏడు పండక్కి వెళ్ళి పిలుద్దాం, చూద్దాంలే అన్నాడు.

అలా ఒక పండగ వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది, ఏళ్ళు వెళ్ళాయి. అమ్మ ఏప్రిల్లో పరిగెతో పాటే నాన్నని కదిలించడం కూడా మొదలుపెట్టేది. కోడిని పొదిగేసేటప్పుడు ఒకసారి, బట్టలు కుట్టించేటప్పుడు ఒకసారి, వెల్ల వేసేటప్పుడు ఒకసారి గుర్తుచేసేది. అన్నిటికీ చూద్దాంలే. పండగ దగ్గర పడితే చేతిలో పని ఉందనేవాడు, పండగ దాటిపోతే ఇప్పుడు వెళితే ఏం బాగుంటుంది అనేవాడు. వెళ్ళకూడదని ఆయనకి లేదు, అదే నా బాధ. నక్షత్రం కడుతూ కడుతూ దబ్బ చేతిలో పట్టుకుని, చిన్నప్పుడు మీ అత్త ఈ కాగితాలు ఎంత నున్నగా అంటించేదో అని తనలో తను అనుకునేవాడు. మరి వెళ్ళొచ్చుగా! మగవాళ్ళ పట్టుదల ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగుతుందో నాకు ఇంత వయసొచ్చినా అంతు పట్టలేదు. ఏడాది ముందు నుంచి అన్నీ సిద్ధం చేసుకున్న మా అమ్మ, నాన్న మనసొక్కటి మాత్రం పండగ వేళకి సిద్ధం చేయలేకపోయింది.

చీర మాత్రం అమ్మ పదిలంగా ఉంచింది. గుడ్డపేలిక కూడా వృథా పోనివ్వని మనిషి, నేను కాలేజీలో చేరిన రోజుల్లో కట్టుకోవడానికి సరైనది లేక, అమ్మా అది నాకియ్యవే, అత్తకి ఇంకోటి కొందాం అని నెత్తీ నోరూ కొట్టుకున్నా ఇవ్వలేదు. పెట్టిన చీర పెట్టినట్టే, తీసుకోవాల్సిన మనిషి తీసుకునేదాకా అది మన ఇంటిది కాదు అనేది. ఏటా మిరపకాయలు ఎండబోసే రోజుల్లో ట్రంకుపెట్టె తెరిచి, ఆ చీర తీసి వసారాలో నీడపట్టున ఆరేసి, వేపాకు మార్చి మళ్ళీ మడిచేది. కిందటేడు మడిచినట్టు మడిచేది కాదు. ఒకే మడత మీద ఉంచితే ఆ గీత దగ్గరే చివికి చిరిగిపోతుంది, అందుకని ఏటికేడు మడత మార్చాలి. అలా మడుస్తూ ఒకసారి నా వంక చూసి నవ్వుతూ, చీరకైతే మడత మారుస్తన్నానే, మీ నాన్నకి ఎవరు మార్చాలే అంది. వసారాలో ఉన్న నాన్నకి వినపడే ఉంటుంది, దగ్గాడు.

ఒక ఏడాది వానాకాలంలో అమ్మకి చేలో జ్వరం వచ్చింది. చినుకులో తడిసింది కదా, అదే తగ్గుతుంది అనుకున్నాం. తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది, వారం తిరక్కుండానే వెళ్ళిపోయింది. ఇంతకంటే చెప్పలేను, చెప్పడానికి నాకు చేతకాదు. కబురు అందగానే మేనత్త వచ్చింది. చావుకి ఎవరూ పిలవక్కర్లేదు కదా. నాన్న గుమ్మంలో నిలబడి ఉంటే ఆయన పక్కనుంచి లోపలికి పరిగెత్తి, అమ్మ పాదాల మీద పడి వదినా వదినా అని ఆమె అరిచిన అరుపు మా పేటలో చాలామంది మర్చిపోలేదు. మట్టి వేసి వచ్చాక, అన్నతో ఒక్కమాట మాట్లాడకుండా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

తర్వాత డిసెంబరు వచ్చింది. మేం పండగ చేసుకోకూడదనే అనుకున్నాం. కానీ మా అమ్మ మనిషి ఎలాంటిదంటే, తను పోయినా తన పండగ ఆగదు. దర్జీ మనిషి మా బట్టలు మూట కట్టుకుని వచ్చి, మీ అమ్మ వినాయకచవితికే ఇచ్చింది, డబ్బులు కూడా ఇచ్చేసింది అని చేతిలో పెట్టాడు. అటక మీద కుండలో అరిసెల బియ్యం ఉన్నాయి. ఉట్టిలో బెల్లం ఉంది. పుంజులు కూతకొచ్చాయి. ఆ బియ్యం కుండ దించి చేయి పెడితే, అవన్నీ అమ్మ పిడికిట్లోంచి పడిన గింజలే కదా అని నేను కుండ పట్టుకుని ఎంత ఏడ్చానో. నాన్న వసారాలో కూర్చుని అన్నీ చూస్తున్నాడు, నక్షత్రం కట్టలేదు, ఎవరూ కట్టమనలేదు.

పండగ ఇంకా నాలుగు రోజులుందనగా పొద్దున్నే నాన్న తలకి నూనె రాసుకుని, అమ్మ కుట్టించి ఉంచిన చొక్కా పండక్కి ముందే తొడుక్కుని, ఎక్కడికీ అని అడిగే లోపే బస్సు రోడ్డుకి వెళ్ళిపోయాడు. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే ఆయన వెనకాల మేనత్త. గుంటూరులో ఏం జరిగిందో ఇద్దరూ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత మేనత్తే చెప్పింది నాకు. గుమ్మంలో నిలబడి, అమ్మాయ్ పండక్కి రా అని ఒక్కమాట అన్నాడట. ఆమె అత్తగారు అప్పటికే కాలం చేసి కొన్నాళ్ళయిందట. ఎవరి ముందు పిలవాలని పట్టుబట్టిందో ఆ మనిషే లేదు, ఎవరు పిలిపించాలని తపించిందో ఆ మనిషీ లేదు. వాళ్ళిద్దరూ లేకుండా, చాలా సులువుగా, ఆ పిలుపు జరిగిపోయింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే దారి. ఆ బస్సు అంతకుముందు ఏళ్ళల్లోనూ రోజూ తిరిగింది.

మేనత్త ఇంట్లో అడుగుపెడుతూనే, నక్షత్రం ఏది అన్నయ్యా అని అడిగింది. నాన్న లేచి వెదురు చీలుస్తుంటే తనే పొయ్యి మీద మైదా జిగురు కాచింది. ఇద్దరూ కలిసి కట్టి అంటించారు. పండగనాడు పొద్దున స్నానం చేసి వచ్చి నా దగ్గర నిలబడి, మీ అమ్మ పెట్టిన చీర ఇవ్వవే అంది. ట్రంకు తెరిచాను. ఆ ఏప్రిల్లో అమ్మ కొత్తగా మడిచిన మడత అలాగే ఉంది, వేపాకులు ఎండిపోయి ఉన్నాయి. విప్పి చూస్తే ఎక్కడా చివకలేదు, రంగు దిగలేదు. మేనత్త దాన్ని కట్టుకుని, నాన్న ముందు నిలబడింది. నాన్న బాగుంది అనబోయి, లేచి వెళ్ళి గుమ్మంలోని నక్షత్రం సరిచేయడం మొదలెట్టాడు.

గుళ్ళో ఆరాధన అయ్యాక బయట అందరూ పలకరించుకుంటున్నారు. పక్క ఊరి నుంచి వచ్చిన ఒకామె మేనత్త చీర అంచు పట్టుకుని చూసి, ఎంత బాగుందో, ఎక్కడ తీసుకున్నారండీ అని అడిగింది. మేనత్త చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా తల ఎత్తి చెప్పింది.

"ఇది పరిగె చీరండి. మా వదిన పెట్టింది."

అంతే. ఆ మాట వినాల్సిన మనిషి గుడి వెనకాల మట్టిలో ఉంది. నాన్న అటు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత మేనత్త ఏ పండగా తప్పలేదు, నాన్న ఏ పండక్కీ పిలవడానికి వెళ్ళడం మానలేదు. ఇద్దరూ పోయారు. పోయేముందు మేనత్త చీర నా చేతిలో పెట్టింది, ఇప్పుడది నా బీరువాలో ఉంది, ఏప్రిల్లో తీసి మడత మారుస్తుంటాను. మా ఊరి చేలల్లో ఇప్పుడు ఆఖరి కోత అవుతూనే ట్రాక్టరు దిగి దున్నేస్తుంది, పరిగెకి వచ్చేవాళ్ళూ లేరు. అరిసెలు షాపులో ప్యాకెట్టులో దొరుకుతాయి, నక్షత్రం కరెంటుదే వస్తుంది, బట్టలు ఫోనులో నొక్కితే ఇంటికొస్తాయి. కష్టం తగ్గింది, తగ్గాలి కూడా, ఆ మండే చేతులు నా మనవరాలికి వద్దు. కానీ అప్పట్లో ఒక్కమాటకి అలిగి ఏళ్ళ తరబడి ఎదురుచూసేంత మమకారం ఉండేది. ఇప్పుడు అలగడానికి కూడా ఎవరికీ తీరిక లేదు.

మా తమ్ముడినే చూడండి. మార్టూరులో గ్రానైటు పాలిషింగు పెట్టి బాగున్నాడు, మాకేం గొడవల్లేవు. ఏటా క్రిస్మస్ పొద్దున నా ఫోనుకి గంటలూ కొవ్వొత్తులూ మెరిసే బొమ్మ పంపిస్తాడు, దాని వెనకాలే డబ్బులు వేసి, చీర కొనుక్కో అక్కా అని రాస్తాడు. మంచివాడే, నేను కాదనను. అందులో రమ్మన్నమాట మాత్రం ఉండదు. నేనూ అది రావాలని ఏటా ఆ ఫోను పట్టుకుని చూస్తూనే ఉంటాను.

ఆ వీడియో చూసిన రోజు రాత్రి భోజనాల దగ్గర ఇదంతా కోడలికి చెప్పాను. అంతా విని, మార్టూరు ఎంత దూరమని అత్తయ్యా, పిలిచేదాకా ఎందుకు, ఈ పండక్కి మీరే వెళ్ళి మావయ్య ఇంట్లో దిగండి, నేను బస్సెక్కిస్తాను అంది. చిన్నపిల్ల, దానికున్న బుద్ధి మాకెవరికీ లేకపోయింది. సరే అందామనే నోరు తెరిచాను. ఆ నోట్లోంచి వచ్చింది మాత్రం అచ్చం మా నాన్న గొంతు.

చూద్దాంలే అన్నాను.